రేవు మీద సుంకం: చువాన్‌జౌలో అయిదు రోజులు

మొదటి రోజు, ఆదివారం

ముప్పై ఏళ్లు పన్నుల శాఖలో పనిచేసినవాడికి రిటైరయ్యాక కూడా ఒక అలవాటు వదలదు. ఏ ఊరు వెళ్లినా సరుకు ఏ దారిన వస్తోంది, ఏ దారిన పోతోంది, నడుమ చెయ్యి చాపేది ఎవరు అని కళ్లు వెతుకుతూనే ఉంటాయి. మా ఆవిడకు మాత్రం గుళ్లు కావాలి. చైనాలోని షియామెన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి "మీ ఇద్దరికీ సరిపడే ఊరు పక్కనే ఉంది నాన్నా" అని సెలవు పెట్టి మరీ మమ్మల్ని పాత రేవు పట్టణం చువాన్‌జౌకు బయలుదేరదీసింది.

రైలులో గంట కూడా పట్టలేదు. కిటికీలోంచి ఎటు చూసినా కొండలే. ఫూజియన్ రాష్ట్రం గురించి అక్కడివాళ్లు ఒక మాట చెప్పుకుంటారు: ఎనిమిది వంతులు కొండ, ఒక వంతు నీరు, ఒక వంతు పొలం. కూడి చూశాను, పదికి పది సరిపోయింది. పదో వంతు నేల మీద బతకమంటే మనిషి ఏం చేస్తాడు? పడవ కట్టుకుంటాడు.

పదో శతాబ్దంలో ఈ ఊరిని ఏలిన లియు త్సొంగ్‌షియావ్ కోటను విస్తరించి, చుట్టూ త్సీతోంగ్ చెట్లు నాటించాడు. ఎర్రగా విరగబూసే మన బాడిద చెట్టే అది. ఆ చెట్టు పేరే అరబ్బు నావికుల నోట్లో నలిగి ఊరి పేరైంది. మార్కో పోలో, ఇబ్న్ బటూటా రాసిన జైతూన్ ఇదే.

సాయంత్రం పశ్చిమ వీధిలో నడిచాం. వీధి చివర కైయువాన్ ఆలయపు జంట రాతి గోపురాలు కనబడుతున్నాయి. ఆలయం అప్పటికే మూసేశారు. ఆ వీధిలో ప్రతి బండి మీదా ఆలిచిప్పల (ఆయిస్టర్ల) అట్టు వేస్తున్నారు. శాకాహారులం కావడంతో మేము వేరుశెనగ పాయసం తాగి బసకు వచ్చేశాం.

రెండో రోజు, సోమవారం

సోమవారం మ్యూజియాలకు సెలవని ముందే చూసుకోవలసింది, చూసుకోలేదు. ఆలయం ఆవరణలో ఒక పాత ఓడను భద్రపరిచారు. నేను ముఖ్యంగా వచ్చింది దాని కోసమే. తలుపుకు తాళం. ఆలయం మాత్రం తెరిచే ఉంది.

కైయువాన్ ఆలయం 686 నాటిది. పట్టుపురుగులు పెంచే ఆసామి ఒకాయన తన మల్బరీ తోటను దానం చేశాడని స్థలపురాణం. బౌద్ధ క్షేత్రమే అయినా మా ఆవిడ ప్రధాన మందిరం వెనక్కి వెళ్లి ఎంతకీ తిరిగి రాలేదు. వెళ్లి చూస్తే ఒక స్తంభం ముందు చేతులు జోడించి నిలబడి ఉంది.

అక్కడ రెండు నల్లరాతి స్తంభాలున్నాయి. పదహారు పలకలుగా చెక్కినవి. వాటి మీద వలయాలు, ఒక్కో వలయంలో ఒక్కో బొమ్మ. రెండు మద్దిచెట్ల నడుమ కృష్ణుడు. ఏనుగు, మొసలి. మరో వలయంలో తొడ మీద ఒకణ్ణి పడుకోబెట్టుకుని పొట్ట చీలుస్తున్న నరసింహస్వామి. వలయం పెద్దదేమీ కాదు. అరిగి నున్నబడ్డ రాయి. అయినా ఆ వంగిన భంగిమ, వేలాడుతున్న కాళ్లు చూస్తే మంగళగిరివాళ్లకు ఎవరూ పేరు చెప్పనక్కర్లేదు. "స్తంభంలోంచి వచ్చిన స్వామి మళ్లీ స్తంభంలోకే వెళ్లిపోయాడు" అంది మా ఆవిడ. పక్కనే ధూపం పట్టుకుని నిలబడ్డ ముసలావిడ మా ఆవిడను చూసి, స్తంభాన్ని చూసి, తానూ ఒక దణ్ణం పెట్టింది.

ఈ స్తంభాలు ఈ గుడివి కావు. చువాన్‌జౌలో తమిళ వర్తకులు కట్టించిన శివాలయం ఉండేది. శక సంవత్సరం 1203 చైత్రమాసంలో, అంటే 1281లో, సంబంధ పెరుమాళ్ అనే ఆయన అప్పుడు చైనాను ఏలుతున్న మంగోలు ఖాను క్షేమం కోరి ఇక్కడ స్వామిని ప్రతిష్ఠించినట్టు తమిళ శాసనం దొరికింది. 14వ శతాబ్దపు అల్లర్ల తరువాత ఆ గుడి లేదు. మంగోలుల తరువాత వచ్చిన మింగ్ చక్రవర్తుల కాలంలో బౌద్ధ మందిరాన్ని బాగుచేసినప్పుడు దాని స్తంభాలు ఇక్కడికి చేరాయి. మనిషి ముఖాలున్న సింహాల ఫలకాలు అరుగుకు అమరాయి. రాతికి పాత యజమాని పేరుతో పని లేదు కదా, కొలత సరిపోతే చాలు.

మధ్యాహ్నం నా వంతు. పాత ఊరికి దక్షిణాన, నీటిద్వారం సందు దగ్గర, సముద్ర వాణిజ్య కచేరీ ఉన్న చోటును ఇటీవల తవ్వి బయటపెట్టారు. చైనా భాషలో దాని పేరు షిబోసి. చూడటానికి ఏమీ లేదనే చెప్పాలి: పునాదులు, ఇటుకలు, చుట్టూ మామూలు ఇళ్లు. మా వాళ్లిద్దరూ పది నిమిషాల్లో నీడ వెతుక్కున్నారు. నేను గంటన్నర ఉన్నాను.

ఈ కచేరీ పెట్టింది 1087లో. అంతకు ముందు చువాన్‌జౌ ఓడ కూడా దక్షిణాన ఉన్న గ్వాంగ్‌జౌ రేవుకు వెళ్లి అనుమతి పత్రం తీసుకుని, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ అక్కడే సరుకు చూపాలి. రుతుపవనాల మీద నడిచే ఓడకు ఆ చుట్టుదారి అంటే ఒక గాలికాలం నష్టం. తప్పించుకుని నేరుగా ఇంటికి వచ్చినవాడి సరుకు జప్తు. ఇక్కడి పాలనాధికారి చెన్ చెంగ్ ఇక్కడే కచేరీ కావాలని అర్జీ పెట్టాడు, ఎవరూ పట్టించుకోలేదు. 1085లో చక్రవర్తి చనిపోయి, రాజధానిలో విధానాలన్నీ తిరగబడ్డాకే అనుమతి వచ్చింది. ఒక ఊరి దశ తిరగడానికి అక్కడెక్కడో ఫైలు కదలాలి. ఇది నాకు కొత్త సంగతేమీ కాదు.

కచేరీ పని ఇదీ: ఓడ రాగానే సరుకు తనిఖీ, రాజు వంతు తీసివేత. రమారమి పదో వంతు. సరుకును బట్టి, కాలాన్ని బట్టి అంతకు మించి కూడా ఉండేది. ఆ తరువాత కొన్ని సరుకులను ప్రభుత్వమే తన ధరకు కొనేది. అసలు కష్టం ఈ రెండో దాంట్లోనే. ధర కట్టేది అధికారి, నష్టం భరించేది వర్తకుడు. 13వ శతాబ్దం మొదట్లో ఈ దోపిడీకి భయపడి ఏడాదికి మూడు నాలుగు విదేశీ ఓడలకు మించి రాలేదట. 1217లో జెన్ దెషియు అనే పండితుడు ఇక్కడికి అధికారిగా వచ్చి వసూళ్లు సడలించాడు. ఓడలు ముప్పై ఆరుకు పెరిగాయని, అప్పట్లో ఏలిన సాంగ్ వంశపు చరిత్రలో ఉంది. నేను నమ్ముతాను. పై నుంచి లక్ష్యం పెంచమంటే మేమూ ఒక చెక్‌పోస్టులో బిగించాం. నెల తిరక్కుండా లారీలు ఇరవై కిలోమీటర్లు చుట్టు తిరిగి వేరే దారి పట్టాయి. బిగించిన చెయ్యికి దుమ్ము తప్ప ఏమీ మిగల్లేదు.

అక్కడ కూర్చున్నప్పుడు బాపట్ల జిల్లా మోటుపల్లి గుర్తుకొచ్చింది. జెన్ దెషియు ఇక్కడ పగ్గాలు వదిలిన పాతికేళ్లకు కాస్త పైగా, 1244లో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు లాక్కునేవారు, మేము నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోము, భయపడకుండా రండి అని. రెండు రేవుల మధ్య ఒక సముద్రం కాదు, రెండున్నాయి. అయినా పాఠం ఒకటే నేర్చుకున్నారు. మార్కో పోలో ఈ రెండు రేవుల గురించీ రాశాడు. మోటుపల్లిని ముత్‌ఫిలి అన్నాడు, అక్కడి వజ్రాల గురించి, సన్నని బట్టల గురించి చెప్పాడు. జైతూన్ గురించి చెబుతూ, అలెగ్జాండ్రియాకు ఒక మిరియాల ఓడ వెళితే ఇక్కడికి వంద వస్తాయన్నాడు. పోలోకు లెక్కలు పెంచే అలవాటుందని ఒప్పుకుని, సగానికి కోసినా తక్కువేమీ కాదు.

మూడో రోజు, మంగళవారం

ఊరికి పడమట జ్యురి కొండ. ఎక్కడానికి పెద్ద కష్టం లేదు, దోమలే ఎక్కువ. ఇక్కడ బండల మీద గాలి కోసం చేసిన ప్రార్థనల శాసనాలు పది ఉన్నాయి. మొదటిది 1174 నాటిది, చివరిది 1266 నాటిది. చలికాలంలో ఓడలు బయలుదేరేటప్పుడు ఈశాన్యపు గాలి కోసం, వేసవిలో తిరిగి వచ్చేటప్పుడు నైరుతి గాలి కోసం వాణిజ్య అధికారులు, ఊరి పెద్ద అధికారులు కలిసి ఈ కొండకు వచ్చి పూజ చేసేవారు.

భక్తి కనబడుతుందేమో అనుకున్నాను. అమ్మాయి అక్షరాల మీద వేలు పెట్టి చదివి చెప్పింది: ఫలానా సంవత్సరం, ఫలానా నెల, ఫలానా హోదా, ఫలానా పేరు, పూజ అయింది, విందు అయింది. అచ్చం హాజరు పట్టీ! నాకు భలే నచ్చింది. గాలి వీచకపోతే ఖజానా నిండదు. కాబట్టి గాలి కూడా ఆఫీసు పనే.

ఆ పేర్లలో జావో ఇంటిపేరు కనబడుతుంది. అది చక్రవర్తి ఇంటిపేరు. 1127లో ఉత్తర చైనా ఈశాన్యం నుంచి వచ్చిన జుర్చెన్ తెగల వశమయ్యాక సాంగ్ వంశం దక్షిణానికి వచ్చి హాంగ్‌జౌలో స్థిరపడింది. రాచబంధువుల్లో ఒక పెద్ద శాఖను చువాన్‌జౌకు పంపించారు. మొదట మూడు వందల పైచిలుకు మంది. వందేళ్లు తిరగకుండానే రెండు వేలు దాటారు. వీళ్లందరి భత్యాల భారంలో పెద్ద వంతు ఈ ఊరి ఖజానా మీదే పడింది. రేవు ఆదాయం రాజుకు, రాజబంధువుల ఖర్చు ఊరికి. ఆ రాచబంధువుల్లో కొందరు ఊరికే తిని కూర్చోలేదు, వ్యాపారంలోనూ దిగారు. జావో రుగువా అనే ఆయన ఇక్కడే వాణిజ్య అధికారిగా ఉంటూ, వర్తకులను అడిగి తెలుసుకున్న పరదేశాల వివరాలన్నీ 1225లో రాసిపెట్టాడు. చోళుల దేశమూ అందులో ఉంది.

దిగేటప్పుడు చివరి శాసనం సంవత్సరాన్ని మళ్లీ చూశాను, 1266. ఆ తరువాత పదేళ్లకు ఆ పట్టీలో సంతకం పెట్టే మనుషులే లేకుండా పోయారు.

నాలుగో రోజు, బుధవారం

తెల్లవారగానే ఓడ దగ్గరకు. ఈసారి తలుపు తెరిచే ఉంది.

1973లో హౌజు రేవు బురదలో కనబడితే, మరుసటి ఏడాది తవ్వి తీశారు. పై భాగం ఏదీ లేదు. అడుగు మాత్రమే మిగిలింది: 24 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. నల్లబడిన చెక్క తిమింగలం అస్థిపంజరంలా పరుచుకుని ఉంది. మేడ మీది నడవ నుంచి చూస్తే లోపల అడ్డుగోడలు వరుసగా కనిపిస్తాయి. పన్నెండు అడ్డుగోడలు, పదమూడు గదులు. ఒక గదికి చిల్లుపడి నీరొచ్చినా పక్క గది పొడిగా ఉంటుంది.

సరుకు చిట్టా చదువుతుంటే పాత ఉద్యోగం ఒళ్లోకి వచ్చి కూర్చుంది. రెండు టన్నులకు పైగా సుగంధపు చెక్క. మిరియాలు, వక్కలు, సాంబ్రాణి, పాదరసం, తాబేటి చిప్పలు. చెక్క చీటీలు తొంభై ఆరు. ఒక్కో మూటకు ఒక్కో చీటీ, దాని మీద సరుకుదారు గుర్తు. కొన్ని చీటీలు రాచబంధువులవేనని కొందరు పండితుల వాదన. గాజుపెట్టెలో చదరంగం బిళ్లలు కూడా ఉన్నాయి, చెక్కవి. వాటిని చూశాక అది సరుకు ఓడ కాకుండా పోయింది. గాలి పడిపోయిన మధ్యాహ్నం ఇద్దరు ఎదురెదురుగా కూర్చున్న చోటైంది.

ఈ ఓడ మునిగింది నడిసముద్రంలో కాదు, ఇంటి గుమ్మంలో. నాణేల్లో అన్నిటికన్నా కొత్తది 1271 నాటిది. అంటే బయటి దేశాలు తిరిగి, సరుకు నింపుకుని, ఇంటికి చేరేసరికి ఇక్కడ ప్రభుత్వం లేదు.

1276లో మంగోలుల సేన హాంగ్‌జౌను పట్టుకుంది. చిన్న చక్రవర్తులను వెంటబెట్టుకుని సాంగ్ సేనాని జాంగ్ షిజియే సముద్రమార్గాన చువాన్‌జౌ వచ్చాడు. అప్పుడు ఇక్కడ వాణిజ్యాన్ని చేతిలో పెట్టుకున్నది పు షౌగెంగ్. పరదేశం నుంచి వచ్చిన ముస్లిం వర్తకుల కుటుంబం, సొంత ఓడల బలగం. సేనకు ఓడలు కావాలి. జాంగ్ షిజియే అడగలేదు, పు షౌగెంగ్ ఓడలనూ సరుకునూ లాక్కున్నాడు. పు షౌగెంగ్ కోట తలుపులు మూసేసి, ఊళ్లో ఉన్న రాచబంధువులను ఊచకోత కోయించి, మంగోలులకు లొంగిపోయాడు. చైనా చరిత్రకారులు అతణ్ణి ద్రోహి అంటారు. ఊచకోతకు సాకు చెప్పలేం. కానీ ఓడలు లాక్కున్న సంగతి కూడా లెక్కలో రాయాలి. మోటుపల్లి శాసనం వద్దన్నది సరిగ్గా అదే పని.

కుబ్లాయ్ ఖాన్‌కు రేవు చెడకుండా దొరికింది. 1277లోనే ఇక్కడ వాణిజ్య కచేరీ మళ్లీ తెరిచారు. ఆ తరువాతి ఎనభై ఏళ్లే చువాన్‌జౌ పచ్చగా వెలిగిన కాలం. సముద్ర వాణిజ్య మ్యూజియంలో ఆ కాలపు సమాధిరాళ్లు వరుసగా పేర్చి ఉన్నాయి. అరబిక్, పారశీకం, సిరియా లిపి, పక్కనే తామరపువ్వు మీద శిలువ. శివలింగం మీద పూలు పెడుతున్న ఏనుగు రాయి దగ్గర మా ఆవిడ మళ్లీ ఆగిపోయింది. ఈ రాళ్లలో చాలా భాగం ఊరి కోటగోడ కూలగొట్టినప్పుడు బయటపడ్డవి. ఎవరికీ అక్కర్లేని ఆ రోజుల్లో వాటిని ఏరి కాపాడిన మనిషి వు వెన్‌లియాంగ్, ఒక బడిపంతులు.

సమాధిరాళ్లు కోటగోడలోకి ఎలా వెళ్లాయి? 1357లో ఇక్కడి పారశీక సైనిక దళం తిరగబడింది. పదేళ్లు ఊరు నలిగింది. 1366లో సేనలు వచ్చి అణచివేశాక విదేశీయుల మీద కోపం తీర్చుకున్నారు. వాళ్ల సమాధిరాళ్లు కోటగోడకు రాళ్లయ్యాయి. బతికినవాళ్లు ఓడలెక్కారు, లేదా ఊరు వదిలి పల్లెలకు పోయి చైనా ఇంటిపేర్లతో కలిసిపోయారు. సముద్రం పక్కన చెందాయ్‌లో స్థిరపడిన దింగ్ వంశం అలాంటిదే. ఇప్పుడు చెందాయ్ అంటే చైనా అంతటా బూట్ల తయారీకి పేరు.

ఆ తరువాత వచ్చిన మింగ్ చక్రవర్తి 1371లో ప్రజల సముద్ర వాణిజ్యాన్నే నిషేధించాడు. ఒక్క పలక కూడా సముద్రంలోకి దిగకూడదు. చువాన్‌జౌ కచేరీకి మిగిలింది ర్యూక్యూ దీవుల (ఇప్పుడు జపాన్‌లోవి) కప్పం ఓడలను చూసుకోవడం. 1470లలో ఆ కచేరీని కూడా ఫూజౌకు మార్చేశారు. నేను సోమవారం కూర్చున్న చోటు అలా ఖాళీ అయింది. ఊరివాళ్లు సముద్రం మానేశారా అంటే, లేదు. దొంగచాటు వ్యాపారం పెరిగింది. 1567లో నిషేధం సడలించినప్పుడు తెరిచిన రేవు జాంగ్‌జౌ దగ్గరి యువేగాంగ్, చువాన్‌జౌ కాదు. 1842 తరువాత ఇంగ్లీషువాళ్లు తెరిపించింది షియామెన్‌ను. ఇసుక మేటలు వేసిందనీ ఓడలు రాలేదనీ కూడా అంటారు. నిజమే కావచ్చు. కానీ ఇసుక కన్నా ముందు కాగితం మేట వేసింది.

సాయంత్రం తూమెన్ వీధిలోని రాతి మసీదు. 1009లో కట్టి, 1310లో బాగుచేశారు. ప్రార్థన మందిరానికి గోడలే ఉన్నాయి, పైకప్పు లేదు, నేల మీద గడ్డి. ముస్లింలను ఎవరూ వేధించరాదన్న 1407 నాటి మింగ్ చక్రవర్తి ఆజ్ఞ రాతి మీద చెక్కి ఉంది. పక్కనే, చైనావాళ్లు దేవుడిగా కొలిచే పాతకాలపు సేనాని గువాన్ యూ గుడిలో పొగ, జనం, తోపులాట.

అయిదో రోజు, గురువారం

పొద్దున లువోయాంగ్ వంతెన. 1053 నుంచి 1059 దాకా కట్టారు. అధికారి త్సాయ్ షియాంగ్ పేరు మీద చెప్పుకుంటారు. నది సముద్రంలో కలిసే చోట, రోజూ పోటు తగిలే చోట రాళ్లు నిలబడాలి. అందుకని పునాది రాళ్ల మీద ఆలిచిప్పలను పెంచారు. అవి అంటుకుపోయి రాళ్లన్నిటినీ ఒకటిగా బిగించాయి. సిమెంటు లేని రోజుల్లో ప్రాణమున్న సిమెంటు. ఆటుకు నీరు దిగినప్పుడు కిందికి వంగి చూశాం. ఇప్పటికీ అంటుకునే ఉన్నాయి.

అక్కణ్ణుంచి షున్‌పు అనే జాలరిపల్లె. పాత ఇళ్ల గోడలు ఆలిచిప్పలతో కట్టినవి, ఒక్కో చిప్ప అరచేయంత. ఇంత పెద్దవి ఈ తీరంలో దొరకవని, పింగాణీ దించి ఖాళీగా తిరిగి వచ్చే ఓడల అడుగున బరువు కోసం వేసుకొచ్చారని ఊరివాళ్లు చెబుతారు. నిజమైతే, చువాన్‌జౌ రేవులో సుంకం పడని దిగుమతి ఇదొక్కటే అయి ఉండాలి.

ఈ ఊరి ఆడవాళ్లు తలలో పూలు పెట్టుకునే తీరు ప్రసిద్ధి. కొప్పు చుట్టూ వలయాలుగా పూలదండలు, మధ్యలో పొడవాటి పుల్ల. ఇప్పుడు చైనా నలుమూలల నుంచీ అమ్మాయిలు వచ్చి డబ్బిచ్చి అలా కట్టించుకుని ఫొటోలు దిగుతున్నారు. మా ఆవిడ పీట మీద కూర్చుంది. పూలావిడ ఆమె కొప్పు విప్పి, జుట్టు చేతిలో తూచి చూసి, మెచ్చుకుంటూ ఏదో అంది. "మీ అమ్మకు అలవాటైన తలే అంటోంది నాన్నా" అని అమ్మాయి చెప్పింది. అరగంటలో పసుపు, గులాబీ, తెలుపు పూల కిరీటం సిద్ధం. అమ్మాయి ఫోనుతో డబ్బు కట్టింది. నేను రశీదు అడగమన్నాను.

"నాన్నా!" అంది అమ్మాయి.

పూలావిడ విషయం అర్థమై నవ్వి, బుట్టలోంచి మరో మల్లెమొగ్గల దండ తీసి మా ఆవిడ తలలో కొసరుగా తురిమింది.